సాంఘికశాస్త్రమునకు ఆట యేల?

బెజవాడలో ఏ కూడలిని నిలిచి తలయెత్తినను పసివాండ్ర ముఖములును, వాని క్రింద మార్కుల అంకెలును అచ్చొత్తిన బోర్డులే కనబడును. అట్టి పట్టణమున కూర్చుండి, పాఠశాలలో సాంఘికశాస్త్రమును ఆటలచేత బోధింపవలయునని వ్రాయబూనుట సాహసమే యని మే మెఱుగుదుము. ఆటకు మైదానమున్నది, చదువునకు తరగతి యున్నది, రెంటిని కలిపిన రెండును చెడునని తలిదండ్రులందురు. పాఠములు ముగియుటకే దినములు చాలకున్నవని ఉపాధ్యాయులందురు. లెక్కలకో సైన్సుకో అయిన ఫరవాలేదు గాని, సోషలునకు ఇంత శ్రమ యేల, పరీక్షకు ముందు పది దినములు బట్టీ పట్టించిన చాలదా యని విద్యాలయముల యజమానులందురు. మొదటి రెండు మాటలు కష్టమునుండి పుట్టినవి. వానికి సమాధానము చెప్పవలసియున్నది, చెప్పుదుము. మూడవ మాట చులకననుండి పుట్టినది. ఒక దేశము ఎట్లు బ్రతుకుచున్నదో, ఎవరు పాలించుచున్నారో, నీరెవరికి, నేల యెవరికి, ఏల ఎవరికిని లేదో తెలుపు శాస్త్రమును పది దినముల బట్టీకి చాలునని తలచువారు, పిల్లవానికి పౌరుడు కావలసిన యవసరమే లేదని తలచుచున్నారన్నమాట.

ఏలూరు రోడ్డు పుస్తకముల అంగళ్లలో బిట్ బ్యాంకులు గుట్టలుగా పడియుండును. అందొక ప్రశ్నను తీసికొందము. శ్రీబాగ్ ఒడంబడిక యెన్నడు జరిగినది? 1937 నవంబరు 16. పిల్లవాడు తడుముకొనకుండ చెప్పును, మార్కు వచ్చును. ఆ ఒడంబడిక యేమని? కృష్ణా, తుంగభద్రా, పెన్నా నదుల జలములలో రాయలసీమ యవసరములకు ముందు స్థానమీయవలెనని. మాట ఇచ్చినదెవరు? మన కోస్తా జిల్లాల పెద్దలు. ఏల ఇచ్చిరి? ఆంధ్రరాష్ట్రము కావలెనన్న సీమవారి నమ్మకము కావలసియుండెను గనుక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యింట కూర్చుండి చేసిన ఆ వాగ్దానము తరువాత ఏమయ్యెను? ఈ ప్రశ్నలకు బిట్ బ్యాంకులో చోటు లేదు. పిల్లవానికి తెలిసినది చరిత్ర కాదు, చరిత్ర యింటి నంబరు మాత్రమే. ఆ యింట ఎవరున్నారో, ఏల తగవులాడుకొనుచున్నారో వాడెన్నడును తలుపు తట్టి చూడలేదు.

పరప్రభుత్వము బడులు పెట్టినపుడు దానికి గుమాస్తాలు కావలసియుండిరి, వల్లెవేత చాలియుండెను. ఆ చదువు చాలదనియే కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. చేతికి పనియు, బుద్ధికి స్వాతంత్ర్యమును కలసిన చదువు వారు కోరినది. 1947లో పరప్రభుత్వము పోయినది. వల్లెవేత పోలేదు. స్వదేశ ప్రభుత్వములకు మాత్రము ఈ సంగతి తెలియదా? 1993లో యశ్ పాల్ గారి సంఘము చదువు బరువును గూర్చి వ్రాసినది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక వల్లెవేతను విడువుమన్నది. 2020 విద్యావిధానము ఆటపాటలను, అనుభవమును బోధనలోనికి తెమ్మన్నది. కాగితములకు కొదువ లేదు. తరగతి గదిలోనికి వచ్చునప్పటికి ఆ కాగితమంతయు మరల ఒక బిట్టుగా మారుచున్నది: జాతీయ విద్యావిధానము ఏ సంవత్సరమున వచ్చినది?

ఆటచేత బోధించుట పరదేశపు వింత యని తలచువారికి మన పెరటి యరుగును చూపుదుము. వైకుంఠపాళి పటము మన తాతల నాడు నీతిపాఠము. నిచ్చెనలు పుణ్యములు, పాములు పాపములు, పై వరుసను పరమపదము. ఇంగ్లీషువారు పందొమ్మిదవ శతాబ్ది చివర ఆ పటమును కొనిపోయి పసివాండ్ర కాలక్షేపముగా జేసికొనిరి. మన మిపుడు దానిని వారి పేరుతో దుకాణమున కొని తెచ్చుకొనుచున్నాము. అది వేరు సంగతి. అయినను వైకుంఠపాళి సాంఘికశాస్త్రమునకు సరిపోవునని మేమనము. ఏలయన అందు ఆడువాడు నిర్ణయించునది యేమియు లేదు. గవ్వలు పడినట్లు పోవలెను. పాము నోట బడినవాడు ఏల పడితినని యడుగుట కవకాశము లేదు. ఇట్టి యాటతో పేదరికమును బోధించినచో, పేదవాని గవ్వ అట్లు పడినదని పిల్లవాడు నేర్చుకొనును. అది యసత్యము.

పులిజూదము వేరు. ఊరి వాడుకను బట్టి లెక్క మారవచ్చును గాని, మన వైపు సామాన్యముగా మూడు పులులు, పదునైదు మేకలు. రెండు పక్షములకును బలము సమానము కాదు, నియమములును సమానము కావు. పులి మేకపై నుండి దుమికి చంపగలదు. మేకకు దుముకుట లేదు. మేక వెనుక గడి ఖాళీగా నున్ననే పులికి సందు. ఆ గడిలో మఱియొక మేక నిలిచినచో పులి యేమియు చేయజాలదు. మేకలన్నియు ఒకదాని వెనుక నొకటి నిలిచి దారులు మూసినచో పులులు కదలలేక ఓడిపోవును. కొలది మంది తెల్లవారు కోట్లాది ప్రజలనెట్లు ఏలిరో, సహాయ నిరాకరణమనగా ఏమో, నాలుగు పుటల పాఠము చెప్పజాలనిది ఒక్క పూట పులిజూదము చెప్పును. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనదని పిల్లలకు చెప్పుచున్నాము. కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి కావలెనని అక్కడ ఏల కోరిరో చెప్పుచున్నామా? ఖాళీ గడులను నింపుటకని పులిజూదమాడిన పిల్లవాడు తానే చెప్పగలడు.

పరదేశపు దృష్టాంతము ఒకటి చెప్పక తీరదు, అందొక హెచ్చరికయు గలదు కనుక. అమెరికాలో ఎలిజబెత్ మేగీ యను స్త్రీ ఒక యాటను కల్పించి 1904లో దానికి హక్కు పత్రము పొందెను. దాని పేరు భూస్వామి యాట. భూమికి వచ్చు అద్దె కొందరి చేతిలో కూడినచో మిగిలినవారెట్లు దివాలా తీయుదురో చూపుట యామె యుద్దేశము. ఆమె దానికి రెండు తరగతుల నియమములు వ్రాసెను. మొదటి నియమముల ప్రకారము ఒక్కడు సర్వమును మ్రింగును. రెండవ నియమముల ప్రకారము సంపద పెరిగిన కొలది అందరికిని భాగము వచ్చును. పటము ఒక్కటే, పాచికలు ఒక్కటే. నియమము మారిన లోకము మారును. పిల్లవాడు చూడవలసినది అదియే. 1935లో ఒక వర్తక సంస్థ ఆమెకు 500 డాలర్లిచ్చి హక్కు కొనెను. అటుపిమ్మట ప్రపంచమంతట మొనాపొలీ యను పేర అమ్ముడుపోయినది మొదటి నియమముల యాటయే. రెండవ నియమములు మరుగున పడినవి. ఏకస్వామ్యమును ఖండించుటకు పుట్టిన యాట ఏకస్వామ్యమును ముద్దు చేయు నాట యయ్యెను.

ఆ యాటను మన జిల్లాకు త్రిప్పి చూడుడు. చల్లపల్లి, నూజివీడు, మైలవరము జమీందారీలు మన పొరుగున నుండినవే. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చినదని పిల్లవాడు వ్రాయును. శిస్తు కట్టి కట్టి తన యెదుట గింజలు తరుగుట చూచినవానికి ఆ చట్టము ఒక తేదీగా నుండదు. నియమమును మనుష్యులు చేసిరి, మనుష్యులే మార్చిరి యని వానికి బోధపడును. సాంఘికశాస్త్రములో ఇంతకు మించిన పాఠము మాకు తెలియదు.

ఇక మన కృష్ణకు వత్తము. ప్రతి దినము బందరు కాలువను, రైవసు కాలువను, ఏలూరు కాలువను దాటి బడికి పోవు పిల్లలకు ఆ నీరెక్కడిదో, ఎవరు పంచిరో తెలియకుండుట కంటె వింత యేమున్నది? బచావత్ న్యాయసంఘము 1973లో తీర్పు చెప్పినది. నాలుగేండ్లలో మూడేండ్లయినను తప్పక లభించునని లెక్కవేసిన నీరు 2060 టి.ఎం.సి.లు, టి.ఎం.సి. యన వంద కోట్ల ఘనపుటడుగులు. అందు మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఆంధ్రప్రదేశమునకు 800. పిల్లలీ యంకెలను కంఠస్థము చేసి, రెండు నెలలలో మరచిపోవుదురు. మరచిపోక యేమి చేయుదురు? ఆ యంకెలు వారి నెన్నడు నేమియు చేయలేదే!

206 చింతపిక్కలను సంచిలో పోసి తెండు. ఒక్కొక్క పిక్క పది టి.ఎం.సి.లు. ముందు బెంచీ మహాబలేశ్వరపు దాపున నున్న మహారాష్ట్రము. దాని వెనుక కర్ణాటకము. ఆ వెనుక తెలంగాణము, రాయలసీమ. చిట్టచివరి బెంచీ మన డెల్టా. ఆ బెంచీ కొసన కూర్చున్నవాడు నాగాయలంక శివారు రైతు. సంచిని ముందు బెంచీ చేతికిచ్చి, కావలసినంత తీసికొని వెనుకకు పంపుడని చెప్పి గురువుగారు ఊరకుండవలెను. ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. సంచి చివరి బెంచీకి చేరునప్పటికి అందు దుమ్ము మిగులును. శివారు రైతు లేచి నిలిచి అరచును. ఆ యరుపే పాఠమునకు ఆరంభము.

రెండవసారి పిక్కలన్నియు మరల సంచిలో వేసి, బెంచీకొక్కని పంపి, ముందుగా ఒప్పందము చేసికొనుడనవలెను. అపుడు వాదములు పుట్టును. మా కొండలపై పడిన వాన గనుక నీరు మాదియని ముందువాడనును. మేము 1855లో ఆనకట్ట కట్టిన నాటినుండి పారించుకొనుచున్నాము, ముందు వాడినవానిదే హక్కు అని చివరివాడనును. మాకు వానయు లేదు, కాలువయు లేదు, అవసరము మాదే యెక్కువ యని నడుమవాడనును. పదమూడేండ్ల పిల్లల నోట వచ్చిన ఈ మూడు మాటలే మహా న్యాయవాదులు న్యాయసంఘముల యెదుట సంవత్సరముల తరబడి వాదించిన మాటలు. వారి వాదము ముగిసిన పిదప గురువుగారు అసలు తీర్పును నల్లబల్లపై వ్రాయవలెను: 56, 70, 80. ఆ 80లో కృష్ణా డెల్టా పాత వాడుక క్రింద నిలుపబడినది 181.20 టి.ఎం.సి.లు, అనగా పదునెనిమిది పిక్కలు. పిల్లలు తమ పంపకమును ఆ పంపకముతో పోల్చి చూచుకొందురు. న్యాయసంఘమువారిది తప్పు, మాదే సరి యని యొకడనవచ్చును. అననిండు. ఏల తప్పో చెప్పుమనుడు.

మూడవసారి సంచిలో 150 పిక్కలే వేయుడు. అది నాలుగవ యేడు, వాన లేని యేడు. తగ్గించుకొనవలసినవా రెవరు? అందరును సమానముగానా? కడపట వచ్చినవాడు ముందుగానా? త్రాగునీటికి విడిగా తీయవలెనా? నాలుగవసారి 2014 జూను 2 వచ్చును; వెనుక బెంచీలు రెండు రాష్ట్రములుగా చీలును. వాడిన పిదప తిరిగి నదిలో చేరు నీటితో కూడి ఉమ్మడి రాష్ట్రపు వాటా 811. 2015లో తాత్కాలికముగా ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299 అని ఏర్పాటు జరిగినది. ఆ పంపకమును తేల్చు పనిని 2023లో కేంద్రము రెండవ న్యాయసంఘమునకు అప్పగించినది. ఇది చెప్పగానే పిల్లలకొక సంగతి స్ఫురించును: తామాడుచున్న యాటను పెద్దలు కూడ ఇంకను ముగింపలేకున్నారని. పాఠ్యపుస్తకము ఈ గుట్టును ఎన్నడును బయటపెట్టదు. దానిలో సర్వమును ముగిసిపోయినట్లే యుండును.

ఇంతవరకు మన పాఠకులు సంతోషముగా చదివియుందురు. ఇక చెప్పునది కొందరికి చేదుగా నుండవచ్చును. ఈ యాటలో బెంచీలు చీట్లు వేసి మార్చవలెను. గుడివాడ రైతు కొడుకు పాలమూరు బెంచీలో కూర్చుండవలెను. తెనాలి వర్తకుని కూతురు అనంతపురము పక్షమున వాదింపవలెను. కృష్ణ తమ జిల్లాను ఒరసికొని పోవుచుండగా కూలికై దేశముల పాలైన పాలమూరు జనుల మాటను డెల్టా పిల్లవాడు తన నోట పలుకవలెను. మన డెల్టావారికి కాలువ నీరు సూర్యకాంతివలె సహజమని తోచును. కాని 1832-33 నందన కరువున గుంటూరు మండలమందలి అయిదు లక్షల జనములో సుమారు లక్షన్నర మంది చనిపోయిరని లెక్కింతురు. ఆనకట్టకు పూర్వము మనమును ఆ యెండిన బెంచీలోనే కూర్చుంటిమి. కాటను దొర విగ్రహమునకు దండ వేయుట సులభము. ఆ విగ్రహము లేని ఊళ్ల వారి మాట వినుట కష్టము. శ్రీబాగ్ ఒడంబడిక తేదీగా మాత్రమే మిగులుటకు కారణము బిట్ బ్యాంకు ఒక్కటియే కాదని మా యనుమానము. ఇచ్చిన మాట గుర్తుండుట ఇచ్చినవారికి ఎప్పుడును ఇబ్బందియే గదా!

ఇక ఆట పేరుతో వచ్చు మోసమును గూర్చి. ఈ మధ్య ఆటచేత బోధన యనగానే ఫోనులో మెఱయు నక్షత్రములు, సరియైన బిట్టు నొక్కిన చప్పట్లు, వారము చివర పేర్ల పట్టిక చూపువారు బయలుదేరిరి. పాత బిట్ బ్యాంకునకు పాచిక కట్టి అమ్ముచున్నారు. శ్రీబాగ్ తేదీని నాలుగింటిలో నొకటిగా నెన్నుకొన్నచో బెలూను పగులును. ఇది యాట కాదు, లంచము. చేదు మాత్రకు బెల్లము పూసినట్లు వల్లెవేతకు ఆట పూసిరి. లోన మాత్ర యదియే. ఆడువాడు నిర్ణయము చేయవలెను. ఆ నిర్ణయము వలన ఎదుటివానికి లాభమో నష్టమో కలుగవలెను. ఆటానంతరము నియమమును ప్రశ్నింప వీలుండవలెను. ఈ మూడును లేనిది సాంఘికశాస్త్రపు ఆట కానేరదు.

మాదిరి శాసనసభల మాటయు నిట్టిదే. ఢిల్లీ పాఠశాలలలో 1966 నుండి యువజన పార్లమెంటు జరుగుచున్నది. 2025 నవంబరు 26, రాజ్యాంగ దినమున అమరావతిలో మన విద్యార్థులచేతను మాదిరి శాసనసభ జరిపించిరి. మంచి పని; ఆ పిల్లలను మేమభినందించుచున్నాము. అయితే ఏడాదికొక దినమున, ఎన్నుకొన్న కొందరు పిల్లలకు, కెమేరాల యెదుట దక్కినది తక్కినవారికెపుడు దక్కును? ఊరూర జరుగు నిట్టి సభలలో ఉపాధ్యాయులు వ్రాసియిచ్చిన యుపన్యాసమును అధికారపక్షమువాడును, ప్రతిపక్షమువాడును అప్పగించుట అందరును చూచినదే. ఓటు ఎట్లు పడునో ముందే తెలిసిన సభ నాటకము. నాటకమును మేము నిందింపము. కాని దానిని ప్రజాస్వామ్యమని పిల్లలకు నేర్పవలదు. పెద్దవారైన పిదప ఆ పాఠము వారికెటులను దొరకును.

మఱియొక అపాయము కలదు. ఆటపై ఉత్సాహముగల మంచి ఉపాధ్యాయులే దానిలో పడుదురు. అంటరానితనమును బోధింపదలచి, కొందరు పిల్లలను గది వెలుపల నిలిపి, కొందరిని నీళ్ల కుండ ముట్టవలదని, ఇదొక అనుభవమనుట. 1991లో తెనాలి చేరువ చుండూరున ఎనిమిది మంది దళితులను చంపిన నేల ఇది. ఆ తరగతిలో కూర్చున్న ఒకానొక పిల్లకు అది యాట కాదు, ఇంటి సంగతి. ఆమె గాయమును తక్కినవారి జ్ఞానమునకు వాడుకొనుట క్రూరత్వము. నీళ్ల పంపకమునకు చింతపిక్క చాలును, శిస్తుకు గింజ చాలును. మనుష్యుని అవమానమునకు ఏ పిక్కయు ప్రతినిధి కాదు. ఆ పాఠమునకు ఆట వలదు. పుస్తకము చదివించుడు, పెద్దలను పిలిచి వారి మాట వినిపించుడు.

ఆటచేత పిల్లలు చెడుదురను పట్టణపు పెద్దలకు ఒక మాట. సంక్రాంతికి కోడి కాలికి కత్తి కట్టి, చేల నడుమ డేరాలు వేసి, లక్షలు పందెము కాయు సీమ మనది. మనకు ఆట యనగానే పందెము గుర్తు వచ్చును, అందుచేతనే భయము. తరగతిలోని యాటకు పందెము లేదు, బహుమానమును ఉండరాదు. బహుమానము పెట్టితిరా, ముందు బెంచీవాడు నీరు దాచుకొనుటనే నేర్చుకొనును.

ఉపాధ్యాయుల కష్టము నిజమైనది. నలుబది నిముషముల గంట, కిక్కిరిసిన గది, పరీక్ష సమీపించిన కొలది పైవారి యొత్తిడి. అయినను మే మడుగునది ప్రతిదిన మాడింపుమని కాదు. ఏడాదికి నాలుగాటలు, ఒక్కొక్క దానికి రెండు గంటలు, ఒకటి ఆడుటకు, ఒకటి మాటలాడుకొనుటకు. రెండవ గంటను మింగినచో మొదటిది వృథా. అల్లరి మాత్రము మిగులును. పైవారు చేయవలసినది వేరే కలదు. పదవ తరగతి పరీక్షాపత్రమున తేదీల బిట్లు తగ్గించి, ఒక్క ప్రశ్న యిట్లడుగుడు: ఈ సంవత్సరము నదిలో ఇంత నీరు వచ్చినది, మీరెట్లు పంచెదరు, ఏల? ఆ ప్రశ్న ఒక్కసారి పత్రమున కనబడినచో, మరుసటి యేట బెజవాడ కళాశాలలన్నియు చింతపిక్కలను బస్తాలతో కొనును. పరీక్ష యెటు నడచిన మన విద్యాసంస్థలు అటు నడచును. ఈ బలహీనతను ఒక్కసారి మంచికి వాడుకొనుటలో తప్పు లేదు.

నీటిని గూర్చియే యింత చెప్పుట యేల యని యడుగవచ్చును. 2024 సెప్టెంబరు మొదటి దినములను మరచితిమా? ప్రకాశము బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము. అదే సమయమున బుడమేరు గండ్లుపడి సింగునగరమును ముంచెను. జనులు మేడలపైనెక్కి పాలకు, మంచినీటికి ఎదురు చూచిరి. బుడమేరు మైలవరము వైపు కొండలలో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, కొల్లేటిలో కలియునని ఎన్ని బడులలో బోధించుచున్నారు? నేలపై సుద్దతో ఆ యేటిని గీయుడు. ఏటి గట్టున ఇల్లు కట్టినవారికి రెండు గవ్వలు, కొల్లేటిలో చేపల చెఱువు త్రవ్వినవారికి మూడు గవ్వలు లాభమీయుడు. కట్టిన ప్రతిదానికి ఏటి వెడల్పు ఒక అంగుళము చెరిపివేయుడు. అయిదు వరుసలు గడచిన పిదప వాన పాచిక వేయించుడు. ప్రతివాడును తనకు లాభమైన పనియే చేసెను, ఎవడును దుర్మార్గుడు కాడు, ఊరు మునిగెను. ఉప్పుటేరు ఒక్కటే కొల్లేటికి సముద్రపు దారియని అపుడు చెప్పిన పిల్లవాడు మరచునా?

బడులు కదలువరకు పఠనమందిరములు కాచుకొనియుండ నక్కరలేదు. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయమువారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములుంచి ఊరూర చదివించిరి. పడవను గ్రంథాలయము చేసినవారి వారసులము, గ్రంథాలయపు బల్లపై ఒక పులిజూదపు పటము పరచలేమా? ఆదివారము సాయంకాలము పత్రికలు చదువ వచ్చు పెద్దలు పిల్లలతో కూర్చుండి కృష్ణ నీటిని పంచి చూడవచ్చును. ప్రతి దినము పత్రికలో నీటి తగవులు చదివి ఆవేశపడు పెద్దలకు, పాలమూరు బెంచీలో కూర్చుండి ఒక్క గంట వాదించుట పిల్లల కంటె నెక్కువ మేలు చేయునని మా నమ్మకము.

చింతపిక్కలకు ఖర్చు లేదు. ఏ వంటయింట అడిగినను దోసెడు దొరకును. జూనులో కాలువలకు నీరు వదలు వేళకే బడులును తెరచెదరు. ఏ పాఠశాలలోనైనను, ఏ పఠనమందిరమునందైనను ఈ యాట నాడించి, నీరు తరిగిన యేట ఎవరెంత తగ్గించుకొనవలెనో చివరి బెంచీవారు వ్రాసిన నియమములను మాకు పంపినచో, ఒక్క యక్షరమును దిద్దక ఈ పుటలోనే ప్రకటింతుము.